నరం మాట కండకు చేరే చోటు

రాజాం చుట్టుపక్కల పల్లెల్లో కట్లపాము భయం లేని రైతు ఇల్లు అరుదు. తొలకరి వానలకు బొరియల్లోకి నీళ్ళు చేరితే ఎలకలనీ బల్లులనీ వెతుక్కుంటూ అది రాత్రిపూట ఇళ్ళలోకి వస్తుంది. నేల మీద చాప వేసుకుని నిద్రపోతున్న మనిషిని కరుస్తుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. వాపు రాదు, దీపం పెట్టి వెతికినా పంటి గాటు దొరకకపోవచ్చు. తెల్లవారుజామున కడుపులో నొప్పి మొదలవుతుంది. ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, చూపు రెండుగా చీలుతుంది, ఉమ్మి మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, మెడ నిలవదు. చివరికి ఊపిరి తీయించే కండరాలు ఆగిపోతాయి. ఇంత జరుగుతున్నా మనిషికి తెలివి ఉంటుంది. చుట్టూ చేరినవాళ్ళ ఏడుపు వినబడుతూనే ఉంటుంది. కనుపాపలు కూడా వెలుగుకు కదలని స్థితిలో, మెదడు చచ్చిపోయిందని డాక్టర్లే పొరబడే అవకాశం ఉందని వైద్య గ్రంథాలు హెచ్చరిస్తాయి. మెదడు బాగుంది, నరం బాగుంది, కండ బాగుంది, అయినా మనిషి కదలలేడు. మరి చెడింది ఎక్కడ? నాడీకణాలు ఒకదానితో ఒకటి, కండరాలతో ఎలా మాట్లాడుకుంటాయో మనిషికి తెలిసింది చాలావరకు ఈ ప్రశ్నను వెంబడించడం వల్లనే. ఆ వెతుకులాటలో మన ఉత్తరాంధ్ర తీరానికి ఒక వాటా ఉంది. దాన్ని మనం తలుచుకోవడం తక్కువ.

రాజాం అనగానే తాండ్ర పాపారాయుడూ 1757 నాటి బొబ్బిలి యుద్ధమూ గుర్తుకొస్తాయి. ఆ యుద్ధం ముగిసిన పాతికేళ్ళకు, ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికి ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు వచ్చాడు. ఆయన తమ్ముడు క్లాడ్ అక్కడ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అంతకుముందు రస్సెల్ చాలా ఏళ్ళు సిరియాలోని అలెప్పోలో ఉండి ప్లేగు రోగులకు వైద్యం చేసినవాడు. ఇక్కడికి వచ్చేనాటికి వయసు యాభై దాటింది. 1785లో కోనిగ్ చనిపోవడంతో అతను చూస్తున్న కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పదవి రస్సెల్‌కు దక్కింది. మొక్కల మీద, చేపల మీద పని చేస్తూనే పాముల మీదికి మళ్ళాడు. కారణం ఆచరణకు సంబంధించింది. పాము కాటుతో జనం చనిపోతున్నారు, ఏది విషప్పామో ఏది కాదో కంపెనీ డాక్టర్లకు తెలియదు. కోళ్ళనూ కుక్కలనూ పాములతో కరిపించి, ఏ పాము కాటుకు ఎంతసేపట్లో ప్రాణం పోయిందో, పోయేముందు ఏ లక్షణాలు కనిపించాయో రాసిపెట్టుకున్నాడు. అవి చదవడానికి మనసు రాని ప్రయోగాలే. అయితే పాము కాటు గురించి ఈ తీరంలో ఒక పద్ధతి ప్రకారం నమోదైన తొలి వివరాలు అవి. 1789లో ఆయన తిరిగి వెళ్ళిపోయాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం మొదటి సంపుటం 1796లో లండన్‌లో వెలువడింది.

ఆ పుస్తకంలో పాముల బొమ్మల పక్కన మన ఊళ్ళలో వాటిని పిలిచే పేర్లు ఉన్నాయి. ఇప్పుడు ప్రపంచమంతా రస్సెల్ పేరుతో పిలిచే రక్తపింజర అందులో ‘కాటుక రేకుల పొడ’. కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలు వరసగా ఉన్న పాము అని ఎవరో రైతో, పాములవాడో చూసి పెట్టిన పేరు అది. మామూలు కట్లపాము ‘గెడి పరగూడు’ అన్న పేరుతో కనిపిస్తుంది. పసుపు, నలుపు పట్టీలున్న పెద్ద కట్లపాముకు ‘బంగారు పాము’ అన్న పేరు దక్కింది. ఆ బొమ్మల ఆధారంగానే 1801లో జర్మనీలో ష్నైడర్ ఈ రెండు జాతులకూ లాటిన్ పేర్లు పెట్టాడు. మామూలు కట్లపాము మూలస్థలంగా శాస్త్ర గ్రంథాల్లో విశాఖపట్నం నిలిచిపోయింది. 1803లో ఫ్రాన్స్‌లో దొడాఁ ‘బంగారు’ నుంచి ‘బంగారస్’ అన్న ప్రజాతిని ఏర్పరచాడు. నాడీశాస్త్ర ప్రయోగశాలల్లో రోజూ వాడే ‘బంగారోటాక్సిన్’ పేరు అక్కడి నుంచి వచ్చిందే.

రస్సెల్ విశాఖలో పాములను కోళ్ళతో పరీక్షిస్తున్న రోజుల్లో ఐరోపాలో రెండు వాదాలు నడుస్తున్నాయి. విషం నరాలకు తగిలి చంపుతుందని కొందరు, రక్తం ద్వారానే చంపుతుందని కొందరు. వైపర్ విషం మీద వేల ప్రయోగాలు చేసిన ఇటలీ శాస్త్రవేత్త ఫొంటానా 1781లో రక్తం పక్షాన నిలబడ్డాడు. అదే దశకంలో బొలోన్యాలో గాల్వానీ కప్ప కాలును విద్యుత్తుతో ఎగిరేలా చేస్తున్నాడు. నరంలో నడిచేది విద్యుత్తు అన్న సంగతి అలా తేలింది కానీ, ఆ విద్యుత్తు నరం చివరికి వచ్చాక ఏమవుతుందన్నది ఎవరికీ తెలియలేదు. ఆ చీకటిలోకి మొదటి వెలుగు తెచ్చింది మరో విషం. దక్షిణ అమెరికా వేటగాళ్ళు బాణాలకు పూసే కురారేతో క్లోద్ బెర్నార్ 19వ శతాబ్దం నడుమ కప్పల మీద ప్రయోగం చేశాడు. విషం ఎక్కిన కప్ప నరాన్ని విద్యుత్తుతో తాకితే కండ కదలలేదు, కండనే నేరుగా తాకితే కదిలింది. నరమూ చావలేదు, కండా చావలేదు, రెంటి నడుమ ఏదో తెగిందన్నమాట. 1870ల్లో లాడర్ బ్రంటన్, జోసెఫ్ ఫేరర్ మన దేశపు నాగుపాము విషాన్ని పరీక్షించి, అది కురారేలాగే ఊపిరి కండరాలను పడగొట్టి చంపుతుందని గుర్తించారు. ఊపిరి ఊది నిలబెడితే గుండె ఇంకా కొంతసేపు కొట్టుకుంటుందని కూడా చూపించారు. చావు ఎక్కడ మొదలవుతుందో అప్పటికి తేలింది. ఆ చోటుకు పేరు రావడానికి మరో పాతికేళ్ళు పట్టింది. 1897లో షెరింగ్టన్ నాడీకణాల సంధికి సినాప్స్ అని పేరు పెట్టాడు.

ఆ సంధిలో జరిగేది ఊహించుకోవడానికి వంతెన లేని కాలంలో నాగావళి రేవును తలుచుకోవచ్చు. రోడ్డు ఒడ్డుదాకా వచ్చి ఆగుతుంది, అవతలికి పడవే దిక్కు. నరం చివర విద్యుత్తు కూడా అలాగే ఆగుతుంది. మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు ఉండే సన్నని సందు దాన్ని ఆపుతుంది. నరం కొనలో చిన్న చిన్న సంచుల్లో నిండి ఉన్న ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం, విద్యుత్తు రాగానే సందులోకి విడుదలై అవతలి ఒడ్డున కండ మీది గ్రాహకాలను తాకుతుంది. గ్రాహకం తెరుచుకుంటుంది, సోడియం అయాన్లు లోపలికి దూసుకుపోతాయి, కండ ముడుచుకుంటుంది. పని అయిన ఎసిటైల్‌కోలిన్‌ను ఒక ఎంజైము మిల్లీసెకన్ల వ్యవధిలో విరిచేస్తుంది, లేకపోతే కండ బిగుసుకుపోయేది. ఈ సందేశం రసాయనమేనని లోవీ 1921లో కప్ప గుండెతోనూ, డేల్ బృందం 1936లో కండర నరాలతోనూ రుజువు చేశారు. ఆ ఏడే లోవీకీ డేల్‌కీ నోబెల్ వచ్చింది. ఆ రసాయనం ఎడతెగని ధారగా కాక సంచికింత చొప్పున విడుదలవుతుందని 1950ల్లో కాట్జ్ బృందం కొలిచి చెప్పింది. ఇక మిగిలింది అవతలి ఒడ్డు. గ్రాహకం ఒకటి ఉందని అందరూ నమ్మారు, చేత్తో పట్టుకున్నవాళ్ళు లేరు.

దాన్ని పట్టించింది కట్లపాము. 1963లో తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయంలో చాంగ్, లీ అనే ఇద్దరు అక్కడి కట్లపాము విషాన్ని విడగొట్టి అందులో రెండు వేర్వేరు ఆయుధాలు ఉన్నాయని కనుగొన్నారు. ఆల్ఫా బంగారోటాక్సిన్ అవతలి ఒడ్డున రేవు మెట్లను మూసేస్తుంది. గ్రాహకానికి అంటుకుంటే దాదాపుగా ఊడిరాదు. బీటా బంగారోటాక్సిన్ ఇవతలి ఒడ్డునే పడవలను తగలబెడుతుంది. నరం కొనలోని సంచులను ఖాళీ చేసి, ఆ కొననే పాడుచేస్తుంది. ఊడిరాకపోవడమన్నది కాటు తిన్నవాడికి చావు, శాస్త్రవేత్తకు వరం. గ్రాహకాలు కిక్కిరిసి ఉండే విద్యుత్ ఈల్ చేప అవయవం మీద ఆల్ఫా టాక్సిన్‌ను ప్రయోగించి, 1970లో పారిస్‌లో షాంజు, కసాయి, లీ కలిసి ఆ గ్రాహకాన్ని గుర్తించారు. మూడేళ్ళ తర్వాత అమెరికాలో, శుద్ధి చేసిన గ్రాహకాన్ని కుందేళ్ళకు ఎక్కిస్తే వాటికి కండర నీరసం వచ్చింది. అదే 1973లో రేడియోధార్మికత కలిపిన ఆల్ఫా టాక్సిన్‌తో మయస్థీనియా అనే కండర నీరసపు జబ్బు ఉన్న రోగుల కండరాలను పరీక్షించి, వాళ్ళలో గ్రాహకాల సంఖ్య బాగా తగ్గిపోయిందని చూపారు. ఆ జబ్బుకు కారణం శరీరం తన గ్రాహకాల మీదే తాను దాడి చేసుకోవడమని అలా స్థిరపడింది. మెదడులో ఔషధాలు ఎక్కడ అంటుకుంటాయో వెతికే పద్ధతికి ఈ పని కూడా మార్గం వేసింది.

ఒక పేరు తెలుగు నుంచి వెళ్ళినంత మాత్రాన ఇందులో మనకు వాటా ఎక్కడిదని, విషం తైవాన్ పాముది, ప్రయోగం పారిస్‌లోదని ఎవరైనా అడగవచ్చు. పేరు ఒక్కటే అయితే ఆ వాదన నిజమే, పేరు మీద గొప్పలు చెప్పుకోవడం నాకూ ఇష్టం లేదు. నేను లెక్కలోకి తీసుకునేది పేరు వెనక ఉన్న చూపును. కట్లపామును పోలి, దానిలాగే ఇళ్ళలో తిరిగే విషం లేని పాములు ఉన్నాయి. ఒంటి మీది పట్టీలు ఎక్కడ మొదలవుతాయో, వీపు మీది పొలుసులు ఎలా ఉంటాయో గమనించనివాడికి రెండూ ఒకటే. అలెప్పోలో పనిచేసి వచ్చిన, యాభై దాటిన డాక్టరుకు ఆ తేడా చెప్పింది, పాములు పట్టి తెచ్చింది ఇక్కడివాళ్ళు. తన పుస్తకంలో ఆయన చాలా పాములను స్థానికుల పేర్లతోనే గుర్తించవలసి వచ్చింది, అప్పటికి వాటిలో చాలావాటికి శాస్త్రీయ నామం లేదు. ష్నైడర్‌కూ దొడాఁకూ అందిన జాతుల విభజన ఆ వేరు చేసే కంటి నుంచి పుట్టింది. ఆ పాములవాళ్ళ పేర్లు పుస్తకాల్లో మిగల్లేదు. పాముల పేర్లు మిగిలాయి.

రెండో అభ్యంతరం బలమైనది. ఆ జనమే మంత్రం వేయించారు, రాయి పెట్టించారు, ఇప్పటికీ కొన్నిచోట్ల పెట్టిస్తున్నారు. వాళ్ళ జ్ఞానాన్ని శాస్త్రంలో కలిపేదెలా? చూసింది వేరు, చూసినదానికి చెప్పిన కారణం వేరు. కట్లపాము కాటుకు వాపు ఉండదనీ, రెప్పలు వాలితే ప్రమాదమనీ చూడటంలో పల్లెవాసులు తప్పలేదు. కారణం చెప్పడంలో తప్పారు. అదే తప్పు అప్పటి విద్యావంతులూ చేశారు. మద్రాసు రాజ్యంలో పేరుపడ్డ తంజావూరు మాత్రలో పాషాణం ఉండేది. రస్సెల్ దాన్ని పరీక్షించాడు, దాని పేరుకు తగ్గ గుణం కనబడలేదు. మంత్రానికి పేరు రావడానికీ కారణం ఉంది. కరిచినవాటిలో చాలా పాములు విషం లేనివి, విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. బతికినవాళ్ళ ఖాతా మంత్రానికి చేరింది, చనిపోయినవాళ్ళ ఖాతా విధికి చేరింది. ఆ లెక్కను సరిచేసిందీ ఏ పాము ఏదో వేరుచేసి చూడటమే.

కండ మీది ఒక సందును గురించి తెలిసినంత మాత్రాన మెదడు గురించి తెలిసినట్టా అని నాడీశాస్త్రం తెలిసినవారు అడగవచ్చు. మెదడులో ఎసిటైల్‌కోలిన్‌తో పాటు గ్లుటమేట్, గాబా, డోపమిన్ వంటివి ఎన్నో ఉన్నాయి, రసాయనం లేకుండా విద్యుత్తే నేరుగా దాటే సంధులూ ఉన్నాయని 1959లో రొయ్య జాతి జీవిలో తేలింది. ఒక నాడీకణం మీద వేల సినాప్స్‌లు వాలి ఉంటాయి, అది ఆ మాటలన్నీ కూడిక, తీసివేత చేసుకుని తన మాట నిర్ణయించుకుంటుంది. నిజమే. కానీ సంచి, సందు, గ్రాహకం అన్న మూడు భాగాల నమూనా దొరికింది కండరంలోనే, మెదడు సినాప్స్‌ను అర్థం చేసుకున్నది ఆ కొలతలతోనే. ఊపిరి సంగతి చూస్తే మెదడుకూ కండకూ నడుమ ఉన్న సమన్వయం మరింత తేటగా కనిపిస్తుంది. మెదడు అడుగున ఉన్న నాడీకణాల గుంపు లయ కట్టి, మెడ దగ్గర నుంచి డయాఫ్రమ్‌కు దిగే నరం ద్వారా ఊపిరిని నడిపిస్తుంది. ఆఖరి సందు మూతపడితే పై నుంచి ఎంత లయగా ఆజ్ఞ వచ్చినా రొమ్ము లేవదు.

ఇది తెలిసినందువల్ల వైద్యం ఎక్కడ మారిందో చెప్పాలి. నాగుపాము విషం ఎక్కువగా అవతలి ఒడ్డునే అడ్డుకుంటుంది కాబట్టి యాంటీవెనమ్, నియోస్టిగ్మిన్ పనిచేస్తాయి. కట్లపాము నరం కొననే పాడుచేస్తుంది. యాంటీవెనమ్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గానీ కాలిపోయిన కొనను తిరిగి మొలిపించదు. అది మళ్ళీ పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అన్నాళ్ళూ వెంటిలేటర్ మీద ఊపిరి నిలిపితే మనిషి పూర్తిగా కోలుకోగలడు, ఎందుకంటే మెదడుకు ఏమీ కాలేదు. 2011లో వెలువడిన దేశవ్యాప్త మరణాల అధ్యయనం ప్రకారం పాము కాటుతో అప్పట్లో ఏటా సుమారు 46,000 మంది చనిపోయేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 5,200, ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానం అప్పుడు మనదే. 2020లో అదే బృందం వార్షిక సగటును 58,000గా తేల్చింది. చనిపోయినవారిలో ఎక్కువమంది పల్లెవాళ్ళు, వానాకాలంలో పోయినవాళ్ళు. కాబట్టి రాజాం, పాలకొండ, చీపురుపల్లి వైపు చదివేవారందరికీ నా మనవి: నేల మీద పడుకున్న మనిషికి పొద్దున కడుపు నొప్పితో పాటు రెప్పలు వాలుతుంటే గాటు కనబడలేదని, వాపు లేదని ఆగవద్దు. కట్టు బిగించడాలు, కోతలు పెట్టడాలు వద్దు. వెంటనే 108కు ఫోన్ చేసి, యాంటీవెనమ్‌తో పాటు వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళండి. దారిలో ఊపిరి ఆగితే నోటితోనైనా ఊదుతూ, ఆసుపత్రి చేరేదాకా ఆపకండి.