గాలి ఎక్కడికి పోతోంది? మన గనుల వేడి, మన లాప్‌టాప్‌ల వేడి



ఈ వేసవిలో మన సంఘం గదిలో పిల్లలకు కంప్యూటర్ క్లాసు నడుస్తుంటే రెండు లాప్‌టాప్‌లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. అడుగున చెయ్యి పెడితే కాలింది. ఉన్నవి ఎనిమిది, అన్నీ దాతలు ఇచ్చిన పాతవే. కూలింగ్ ప్యాడ్లు కొందామని కొందరం అన్నాం. అది చందా డబ్బు దండగ అని ఇంకొందరం అన్నాం. మాటా మాటా పెరిగింది కూడా.

మనవణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన ఒక పెద్దాయన మూల కుర్చీలో కూర్చుని ఇదంతా విన్నారు. ఛాంపియన్ రీఫ్‌లో ఏళ్ల తరబడి లోపల పని చేసిన మనిషి. ఒకే ఒక్క మాట అడిగారు. "అది కాదు నాయనా, ఆ పెట్టెలోకి గాలి యాడినుంచి వస్తాది, యాడికి పోతాది? ముందు అది చూసినారా?"

మాలో ఎవరికీ జవాబు తెలియలేదు. ఇంటికి వెళ్లాక తట్టింది, ఆయన అడిగింది లాప్‌టాప్ గురించి మాత్రమే కాదని. మన ఊరు నూట ఇరవై ఏళ్లు తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న అది. అందుకే ఈసారి ఈ పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి, చివర్లో ప్యాడ్ల సంగతి కూడా తేలుస్తాం.

మన కేజీఎఫ్ వాతావరణం చల్లన అని పేరు. సముద్రమట్టానికి దాదాపు 2,800 అడుగుల ఎత్తు. దొరలు బంగళాలు, క్లబ్బు కట్టుకుని ఇది చిన్న ఇంగ్లండ్ అని మురిసిపోయారు. కానీ అది పైమాట. 1880లో జాన్ టేలర్ కంపెనీ వాళ్లు పని అందుకున్నాక గని ఏటేటా లోతుకు దిగుతూ పోయింది. 1930ల నాటికే రెండు కిలోమీటర్లు దాటింది. చివరికి ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లు దాటి, ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటి అయింది. ఆ అడుగున రాయి వేడి 60 డిగ్రీల పైమాటే. పైన బంగళాలో స్వెట్టర్ వేసుకునే పొద్దున కూడా కింద రాయి అంతే వేడిగా ఉండేది.

రాయి ఒక్కటే అయితే కొంత నయం. లోపలికి పంపే గాలి కూడా వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం వేడెక్కడం మీరు చూసే ఉంటారు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. షాఫ్టులో దిగే గాలిని పైనున్న గాలి బరువే నొక్కుతుంది. పొడి గాలి ఒక కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. అంటే షాఫ్టు నోటి దగ్గర 20 డిగ్రీలున్న పొడి గాలి, రాయిని తాకకపోయినా, మూడు కిలోమీటర్లు దిగేసరికి 50 దగ్గరికి వస్తుంది. దారిలో నీళ్లు ఆవిరైతే ఈ పెరుగుదల కొంత తగ్గుతుంది. కానీ ఆ ఆవిరి గాలిలోనే ఉండిపోతుంది.

అసలు బాధ ఆ తేమతోనే. రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, ఆ జబ్బు ఎంతమంది ఇళ్లను తిన్నదో మనకు చెప్పనక్కర్లేదు. పొడి లేవకుండా డ్రిల్లుకు నీళ్లు పెట్టాలి, రాయిని తడపాలి. తడిపితే తేమ పెరుగుతుంది. వానాకాలంలో దండెం మీద బట్టలు ఆరనట్టే, తేమ గాలిలో ఒంటి మీద చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోయినట్టే. అందుకే గనుల్లో మామూలు థర్మామీటరు చాలదు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు కూడా పెట్టి రెండూ చూస్తారు. మనిషి ఆ చోట ఎంతసేపు పని చేయగలడో రెండోది చెబుతుంది.

మరి దీనికి ఏం చేశారు?

మొదటి పని గాలికి దారి వేయడం. ఒక షాఫ్టులో గాలి దిగాలి, ఇంకో షాఫ్టులో పైకి రావాలి. మధ్యలో అడ్డదారి పట్టకుండా తలుపులు పెట్టాలి, అవసరమైన చోట గోడ కట్టాలి, చివర్లో గొట్టాలు వేసి పని చేసే చోటికి తీసుకుపోవాలి. ఎక్కడో ఒక తలుపు తెరిచి ఉంచితే గాలి దగ్గరి దారి చూసుకుని తిరిగి పైకి పోతుంది. అవతలి కొసన ఉన్నవాడికి ఉక్కపోతే మిగులుతుంది.

రెండోది కరెంటు. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల లైను వేసి మన గనులకు కరెంటు తెచ్చారు. అప్పట్లో ఆసియాలోనే గొప్పగా చెప్పుకున్న పని. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో మొదలైంది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో, అంటే మన తర్వాతే. ఆ కరెంటు లేకపోతే తర్వాత వచ్చిన పెద్ద యంత్రాలను ఊహించలేం.

మూడోది శీతల యంత్రాలు. ఫ్యాను గాలిని కదిలిస్తుందే తప్ప, ఆ గాలికి ఉన్న వేడిని తీసెయ్యలేదు. లోతు పెరిగేకొద్దీ ఫ్యాను చాలలేదు. బ్రెజిల్‌లోని మొర్రో వెల్యో బంగారు గనిలో 1920ల తొలినాళ్లలో పెద్ద శీతల యంత్రాలు పెట్టారు. 1930లలో దక్షిణాఫ్రికా రాబిన్సన్ డీప్ గనిలో, మన కోలార్ గనుల్లో కూడా వచ్చాయి. ఇళ్లలో ఏసీ అన్న మాట ఎవరూ వినని రోజుల్లో, భూమి లోపలికి పంపే గాలిని చల్లబరిచిన ఊరు మనది. ఈ మాట పిల్లలకు చెప్పండి.

అయితే గర్వపడి ఆగిపోతే పెద్దాయన ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. గాలి ఎక్కడికి పోతోంది?

యంత్రం పైన ఉంటుంది, మనిషి కింద ఉంటాడు. చల్లబరిచిన గాలి షాఫ్టులో దిగుతూ నొక్కుడు వేడి ఎక్కించుకుంటుంది. సొరంగాల్లో వేడి రాతిని రాసుకుంటూ పోతుంది. మోటార్లను దాటుతుంది, మనుషులను దాటుతుంది. వరసలో మొదట నిలబడినవాడికి కాస్త హాయి. కట్టకడపటి మలుపులో, రాయి పగలగొట్టే చోట నిలబడినవాడికి చేరేసరికి ఆ చల్లదనంలో ఎంత మిగులుతుంది? ప్రపంచంలోని లోతైన గనులన్నిటికీ ఎదురైన చిక్కే ఇది. అందుకే దక్షిణాఫ్రికాలో తర్వాత తర్వాత యంత్రాలను లోపలికే దించారు, చల్లటి నీళ్లు పంపారు, కొన్ని గనుల్లో మంచును కూడా గొట్టాల్లో కిందికి పంపారు. వాళ్లు నేర్చుకున్న పాఠం ఒకటే. చల్లదనాన్ని యంత్రం దగ్గర కొలిస్తే లెక్క తప్పుతుంది. మనిషి నిలబడిన చోట కొలవాలి.

ఆ చివరి మలుపులో నిలబడింది ఎవరు? చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మనవాళ్లు, తెలుగువాళ్లు, తమిళులు. తట్టి గుడిసెల్లో, లైను ఇళ్లలో కాపురం ఉన్నవాళ్లు. గోచీ గుడ్డతో పని చేశామని, చొక్కా వేసుకుంటే పిండుకోవలసి వచ్చేదని మన ఇళ్లలో తాతలు చెప్పేవాళ్లు. ఎన్ని గుర్రాల బలం, ఎన్ని అడుగుల లోతు, ఎన్ని ఔన్సుల బంగారం అని పుస్తకాలు చెబుతాయి. కట్టకడపటి మనిషికి ఎంత గాలి అందిందో ఆ మనిషే చెప్పాలి.

ఎలక్ట్రానిక్ పరికరాలకూ మన గనికీ ఉన్న చుట్టరికం కూడా చాలామందికి తెలియదు. భాభా సూచనతో బి.వి. శ్రీకంఠన్ 1951లోనే కాస్మిక్ కిరణాలు కొలిచే పరికరాలతో మన గనిలోకి దిగారు. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్ ఒసాకా, ఇంగ్లండ్ డర్హమ్ శాస్త్రవేత్తలు కలిసి ఛాంపియన్ రీఫ్‌లో దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున వాతావరణ న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. పైనున్న అంత రాయి మిగతా కిరణాలను ఆపేస్తుంది కాబట్టే ఆ పని కుదిరింది. బంగారం కోసం వేసిన గాలిదారి లేకపోతే ఆ శాస్త్రవేత్తలు అంత లోతున నిలబడగలిగేవాళ్లే కాదు. మన తాతల చెమట లెక్కలో ఇది కూడా కలపాలి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తర్వాత పంపులు ఆగాయి, లోపల నీళ్లు నిండాయి. ఆ ఇళ్ల పిల్లలే ఇప్పుడు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోతున్నారు, లేకపోతే లైను ఇంట్లోనే ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తున్నారు. తాతకు షాఫ్టు, మనవరాలికి లాప్‌టాప్. రెండింట్లోనూ వేడి ఆగితేనే పని ఆగదు.

ఇప్పుడు ప్యాడ్ల సంగతికి వద్దాం. పెద్దాయన మాట పట్టుకుని మరుసటి ఆదివారం మేము ఎనిమిది లాప్‌టాప్‌లనూ తిరగేసి చూశాం.

లాప్‌టాప్ కూడా చిన్న గనే. లోపల ప్రాసెసర్ వేడిరాయి. ఫ్యాను ఒక కన్నం గుండా గాలి లాగి, రేకుల మీదుగా తోసి, పక్క నుంచో వెనక నుంచో బయటికి పంపుతుంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి పోతే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అయినా తగ్గకపోతే మిషను ఆగిపోతుంది.

మేము చూసినవి ఇవీ.

ఆగిపోయిన రెండిట్లో ఒకదాని రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. సైనైడ్ దిబ్బల దుమ్ము ఎగిరే ఊళ్లో ఇది వింత కాదు. సొరంగం కూలి దారి మూసుకుపోతే బయట ఎన్ని ఫ్యాన్లు పెట్టి ఏం లాభం? తెలిసిన మెకానిక్ చేత శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్పించాం. అది మళ్లీ ఆగలేదు.

రెండోదానికి గాలి లాగే కన్నం అడుగున ఉంది. పిల్లలు దాన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టి వాడుతున్నారు. అంటే షాఫ్టు నోటికి మూత పెట్టినట్టే. గుడ్డ తీసి, వెనక రెండు సీసా మూతలు పెట్టి ఎత్తితే చాలావరకు తగ్గింది. ఇలాంటివాటికే కూలింగ్ ప్యాడ్ నిజంగా పనికొస్తుంది. కానీ ప్యాడ్ ఫ్యాను సరిగ్గా ఆ కన్నం కిందికే రావాలి. ఫ్యాన్లు ఎన్ని ఉన్నాయి, రంగు దీపాలు ఎన్ని ఉన్నాయి అన్నది లెక్కలోకి రాదు.

ఇంకో మూడిటికి అడుగున కన్నాలే లేవు, గాలి కీబోర్డు వైపు నుంచో పక్కల నుంచో పోతుంది. వాటి కింద ప్యాడ్ పెడితే మన చేతులకు చల్లగా ఉంటుందేమో, ప్రాసెసర్‌కు చేరేది తక్కువ. మిగతా మూడిటికి ఇప్పటికైతే ఏ ఇబ్బందీ లేదు.

ప్యాడ్ గది గాలినే లోపలికి తోస్తుందని కూడా మరిచిపోవద్దు. రేకుల కప్పు కింద మధ్యాహ్నం గది వేడెక్కి ఉంటే ఆ వేడి గాలే పోతుంది. అందుకే క్లాసును పొద్దుటికి మార్చాం. దానికి పైసా ఖర్చు లేదు.

కొనే ముందు ఇంట్లోనే పరీక్ష చెయ్యండి. ప్రాసెసర్ వేడి చూపించే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఒకే పని అరగంట చేయించి అంకె రాసుకోండి, లాప్‌టాప్ వెనక భాగం ఎత్తి మళ్లీ అదే పని చేయించి రాసుకోండి. వీలైతే ఎవరిదైనా ప్యాడ్ అరువు తెచ్చి మూడోసారి చూడండి. నాలుగైదు డిగ్రీల తేడా వచ్చి వేగం నిలబడితే కొనండి. అడుగు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ప్యాడ్ మాట పక్కన పెట్టి వెంటనే వాడటం ఆపండి. బ్యాటరీ పాడైందన్నమాట, మెకానిక్‌కు చూపించండి.

చివరికి ఎనిమిది కొందామనుకున్నవాళ్లం రెండే కొన్నాం. మిగిలిన డబ్బు శుభ్రం చేయించడానికి పోగా ఇంకా కొంత ఉంది. దాన్ని ఏం చెయ్యాలన్నదే ఈ పోస్టు చివరి మాట.

గనిలో లోపల పని చేసిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు, కానీ ఏటా తగ్గిపోతున్నారు. ఒక్కొక్కరి దగ్గరికి పోయి మాటలు రికార్డు చెయ్యాలని అనుకుంటున్నాం. అడగవలసింది బంగారం గురించి కాదు. మీరు ఏ లెవెల్లో నిలబడ్డారు, అక్కడికి గాలి వచ్చేదా, వేడికి ఎవరైనా పడిపోతే ఏం చేసేవాళ్లు, ఇంటికి వచ్చాక ఎలా ఉండేది, ఇవి అడగాలి. మీ ఇంట్లో అలాంటి తాత గానీ మామ గానీ పెదనాన్న గానీ ఉంటే సంఘం గదికి కబురు పెట్టండి, మేమే వస్తాం. రికార్డు చెయ్యడానికి లాప్‌టాప్ కూడా సిద్ధంగా ఉంది. ఇప్పుడది వేడెక్కి ఆగిపోదు.