చరణ్‌దాస్ చోర్
సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1975లో పిల్లల కోసం తీసిన ఈ హాస్య చిత్రానికి, విజయదాన్ దేథా చెప్పిన రాజస్థానీ కథ ఆధారంగా హబీబ్ తన్వీర్ మలచిన నాటకం మూలం. ఆ నాటకం తొలిరూపం ఉక్కునగరం భిలాయిలో జరిగిన శిక్షణ శిబిరంలో రూపుదిద్దుకుని, సత్యమే దైవమని నమ్మే సత్నామీల ఎదుట ఆరుబయట ప్రదర్శితమైంది. అబద్ధమాడనని గురువుకు మాటిచ్చిన దొంగ, బంగారు పళ్లెంలో తిననని, ఏనుగెక్కి ఊరేగనని, రాణిని పెళ్లాడనని, రాజును కానని వేళాకోళంగా పెట్టుకున్న ఒట్లు నిజంగానే ఎదురైనప్పుడు, వాటికి కట్టుబడి ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆకలితో అడిగిన వాడికి గింజ విదల్చని భూస్వామి ధాన్యాన్ని దొంగ పేదలకు పంచే ఘట్టం నాటకానికి ఆయువుపట్టు. రాణిగా స్మితా పాటిల్ నటించినా, చిత్రానికి అసలు బలం లాలూరామ్ వంటి నాచా కళాకారులే. నాచా అంటే ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పాట, ఆట, పరిహాసం కలగలిసి రాత్రంతా సాగే జానపద నాటకం.