డొక్కలెగరేసే బిడ్డకు సూది వచ్చిన దారి

అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపడింది 1882లో. దానికి ముందు ఏడాదే ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్ ఎవరికి వారుగా న్యూమోకాకస్ అనే క్రిమిని కనుక్కున్నారు. దాన్ని ఆపే సూదిమందు మా పల్లె బిడ్డకు ఉచితంగా అందింది మాత్రం 2021లో. ఈ 140 ఏళ్లలో చివరి భాగం నేను కళ్లారా చూశాను. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో ఏఎన్‌ఎంగా చేశాను.

"డొక్కలు ఎగరేస్తాండాడు సిస్టరమ్మా" అంటూ అవ్వలు బిడ్డను ఎత్తుకొచ్చేవాళ్లు. నిమ్ము, అంటే న్యుమోనియా, చేసిందని చూడగానే తెలిసేది. అప్పటికే కడుపు మీద వాతలుండేవి. కాల్చిన సూదితో పెట్టిన చిన్న చిన్న మచ్చలు, కొన్ని పచ్చిగానే. ఆ అవ్వల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. బస్సు రాని ఊళ్లో వాళ్ల చేతిలో ఉన్న వైద్యం అదొక్కటే.

తొంభైల్లో మాకు నేర్పింది శ్వాస లెక్కపెట్టడం. బిడ్డ ఏడవకుండా తల్లి ఒళ్లో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40. ఆ లెక్క చేరితే నిమ్మే అనుకోవాలి. కోట్రైమాక్సజోల్ మాత్రలు ఇచ్చేవాళ్లం. గాలి పీల్చినప్పుడు డొక్క లోపలికి పోతుంటే ఇక ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి. 2000లో బత్తలపల్లిలో ఆర్డీటీ అనే సేవా సంస్థ ఆసుపత్రి వచ్చాక పంపడానికి ఇంకో చోటు దొరికింది.

నిమ్ము తెచ్చే ఈ న్యూమోకాకస్ క్రిమి ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కులో, గొంతులో కూడా ఉంటుంది. సత్తువ తగ్గిన బిడ్డకైతే ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి, మెదడు పొరల్లోకి దిగుతుంది. చెవిలో చీము కారడానికీ ఇదొక కారణం. మా పల్లెల్లో ఆ సత్తువ తగ్గడానికి కారణాలు కళ్లముందే ఉండేవి. వానలు ఎగ్గొట్టి వేరుశనగ ఎండిపోయిన ఏడు బిడ్డకు తిండి తగ్గేది. ఉన్న ఒక్క గదిలోనే కంపకట్టెల పొయ్యి, పొగ, బిడ్డ ఊయల.

అమెరికా పిల్లలకు ఈ క్రిమిని ఆపే టీకా 2000లోనే వచ్చింది. ఆ తర్వాత మన ప్రైవేటు క్లినిక్కుల్లోకి వచ్చినా ధర వేలల్లో. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలోనే మొదట మా జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అక్కడ మట్టి తవ్విన తల్లి నెల కూలంతా పోసినా మూడు డోసులు కొనగలిగేది కాదు. ఇది అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. 2017లో హిమాచల్, బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు టీకా మొదలైంది. 2020 చివర్లో పుణే సీరం ఇన్‌స్టిట్యూట్ సొంత టీకా తెచ్చింది. మరుసటి ఏడాది మన వంతు వచ్చింది.

ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఈ సూది కుడి తొడకు వేస్తారు. క్రిమి రకాలన్నిటినీ ఇది ఆపదు కాబట్టి డొక్కలెగరేస్తే టీకా వేయించాం కదా అని ఊరుకోకండి. బెంగళూరుకు పనికి పోయే అమ్మలారా, బిడ్డ టీకా కార్డు మూటలో పెట్టుకుని పోండి. అక్కడి సర్కారు ఆసుపత్రిలో చూపించి మిగిలిన డోసు వేయించండి.