నోట్లోనే మొదలయ్యే హజ్మ్

దస్తర్‌ఖాన్ పరిచిన ప్రతిసారీ అబ్బాజాన్ ఒకే మాట అనేవారు: "నివాలా బాగా నమలు బేటా, హజ్మ్ నోట్లోనే మొదలవుతుంది." మా ఉర్దూ మీడియం స్కూల్లో సైన్స్ ఉస్తాద్ ఉమ్మిని 'లుఆబె దహన్' అన్నారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే 'లాలాజలం' అయింది.

మొన్న ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది: 'ఉమ్మిలోని ఎంజైమ్‌ను వెయ్యేళ్ల కిందటే ఇబ్నె సీనా కనిపెట్టారు.' ఇంటర్ చదివే మా అబ్బాయి అడిగాడు: "సచ్ హై క్యా, అబ్బా?"

సగం సచ్. ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లో హజ్మ్ నోట్లోనే కొంత జరుగుతుందని రాశారు. దలీల్ కూడా ఇచ్చారు. నమిలిన గోధుమలు సెగగడ్డ మీద పెడితే త్వరగా పక్వానికొస్తుంది, నీళ్లలో కలిపినవో ఉడకబెట్టినవో అంతగా పనిచెయ్యవు. అంటే ఉమ్మిలో ఏదో ఖువ్వత్ ఉందన్నమాట. (ఇప్పుడెవరూ అలా చెయ్యకండి, నోటి క్రిములు పుండుకు చేటు.) ఎంత బారీక్ నజర్! కానీ ఆ ఖువ్వత్ ఏమిటంటే, ఒంట్లోని సహజమైన వేడి, హరారతె గరీజీ అన్నారు ఆయన. ఎంజైమ్ అనలేదు. అనడానికి ఆ కాలంలో రసాయన శాస్త్రం అంత దూరం రాలేదు.

మిగతా సగం చాలా ఆలస్యంగా తేలింది. 1831లో జర్మనీకి చెందిన లాయ్‌క్స్ ఉడికించిన పిండిపదార్థంలో ఉమ్మి కలిపి, అది చక్కెరగా మారడం చూశాడు. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు, మొలకెత్తిన బార్లీ నుంచి అదే పని చేసే పదార్థాన్ని వేరు చేసి 'డయాస్టేజ్' అన్నారు. 1845లో మియాల్ ఉమ్మి నుంచే దాన్ని వేరు చేశాడు. ఇప్పుడు మనం అమైలేజ్ అంటున్నది అదే. 'ఎంజైమ్' అనే మాట జర్మన్ శాస్త్రవేత్త క్యూనె 1870లలో పెట్టింది.

అమైలేజ్ పిండిపదార్థాన్ని తుంచి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. మింగిన ముద్ద లోపల కూడా కాసేపు పనిచేస్తుంది. మేదా ఆమ్లం ముద్దలోకి ఇంకాక ఆగిపోతుంది. గబగబా మింగితే దానికి దొరికే మోహ్లత్ తగ్గుతుంది.

మా అబ్బాయికి ఇదే చెప్పాను. ఇబ్నె సీనా మీద మనకు ఫఖ్ర్ ఉండాలి. ఆయన చూసింది చూశారు, దలీల్‌తో రాశారు, అది చాలు. ఆయన చెప్పనిది ఆయన నోట్లో పెట్టడం ఇజ్జత్ కాదు, ఖియానత్. లాయ్‌క్స్ హక్ లాయ్‌క్స్‌కే ఇవ్వాలి.

ఆ మెసేజ్ నేను ఎవరికీ పంపలేదు. ఆ రాత్రి వాడు చపాతీ ముక్క మింగకుండా చాలాసేపు నమిలాడు. "మీఠా లగ్ రహా హై, అబ్బా" అన్నాడు.