దారినపోయేవాళ్ల చెవిలో పడ్డ పాట

తన పాట తానే రాసుకుని, బాణీ కట్టుకుని, తానే పాడే మనిషి విషయంలో అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది. ఇందులో ఆ మనిషి సొంతం ఎంత? అమెరికన్ గాయని ట్రేసీ చాప్‌మన్ గురించి ఈ తగవు 1988 నుంచి నడుస్తూనే ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆమె పేరుతోనే ఆమె తొలి ఆల్బమ్ వచ్చింది. వచ్చీరాగానే అందరూ పోలికలు వెతకడం మొదలుపెట్టారు. గొంతులోని ఆ గాంభీర్యం బ్రిటిష్ గాయని జోన్ ఆర్మట్రేడింగ్‌దేనని కొందరన్నారు. ఒక్క గిటార్ పట్టుకుని పేదల కష్టం పాడటం ఒడెట్టా, జోన్ బయేజ్ లాంటి జానపద గాయనులు ఏనాడో వేసిన బాట అని ఇంకొందరన్నారు. ఏ ట్యూన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టేయడాన్ని ఒక విద్యలా సాధన చేసే మన సినిమా పాటల ప్రియులకు ఈ ధోరణి కొత్తేమీ కాదు. పోలికలు చెప్పినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు, పూర్వీకులు లేని పాట ఎక్కడా ఉండదు. కానీ వాళ్లు సొంతదనాన్ని పాట పుట్టిన చోటే వెతికారు, పాట తిరిగిన చోట్లను లెక్కలోకి తీసుకోలేదు. చాప్‌మన్ పాటల చరిత్ర చూస్తే ఆమెది ఏది, అందరిదీ ఏది అన్నది ప్రతిసారీ బహిరంగ స్థలంలోనే తేలింది. అదీ ఆమె కోసం రాని జనం మధ్య.

మొదటి స్థలం హార్వర్డ్ స్క్వేర్. మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ నగరానికి నదికి అవతలి ఒడ్డున ఉన్న కేంబ్రిడ్జ్ ఊళ్లో, విశ్వవిద్యాలయం గోడల పక్కన, బస్సులూ భూగర్భ రైలూ కలిసే కూడలి అది. ఆ చోటుకు పాటల చరిత్ర ముందే ఉంది. 1958లో అక్కడ క్లబ్ 47 అనే కాఫీ హౌస్ జాజ్ కోసం తెరిచారు. కొద్దికాలంలోనే అది జానపద గీతాల కేంద్రంగా మారింది, జోన్ బయేజ్ తొలి రోజుల్లో పాడింది అక్కడే. 1968లో ఆ క్లబ్ మూతపడింది. తర్వాత అదే జాగాలో పాసిమ్ పేరుతో మరో కాఫీ హౌస్ వచ్చి ఆ సంప్రదాయాన్ని నిలబెట్టింది. చాప్‌మన్ టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ ఆ కూడలికి వచ్చేసరికి 1980ల మధ్యకాలం. రికార్డు కంపెనీలకు జానపద గీతం మీద మోజు తీరి చాలా ఏళ్లయింది. సింథసైజర్లదీ డ్రమ్ మెషీన్లదీ రాజ్యం. అయినా కూడలిలో పాడే అలవాటు మాత్రం పోలేదు. పాడేవాళ్లు గిటార్ పెట్టె మూత తెరిచి నేల మీద పెట్టేవారు, నచ్చినవాళ్లు అందులో చిల్లర వేసేవారు. చాప్‌మన్ కాఫీ హౌస్‌లలోనూ పాడింది, ఈ పేవ్‌మెంట్ మీదా పాడింది.

ఈ రెండు చోట్లకూ ఉన్న తేడా చిన్నదేమీ కాదు. కాఫీ హౌస్‌లో వినేవాడు పాట కోసమే వచ్చి కూర్చుంటాడు. ఇద్దరు ముగ్గురు పాటగాళ్లను పోల్చి చూస్తాడు, ఎవరి ప్రభావం ఎంతో చర్చిస్తాడు, ఒక పాట నచ్చకపోయినా మర్యాదకైనా చప్పట్లు కొడతాడు. వీధిలో నడిచే మనిషికి ఈ మొహమాటాలేవీ లేవు. అతను రైలు అందుకోవాలి. ఆమె ఎవరో తెలియదు, ఒడెట్టా పేరు విని ఉండకపోవచ్చు. అతని అడుగు ఆగితే ఆ క్షణాన వినిపించినదాని వల్లే ఆగాలి. అభిమానుల చర్చలో ఎంతో బరువు తూగే వంశవృక్షం ఇక్కడ చిల్లిగవ్వ చేయదు. విమర్శకుడికి దొరకని ఒక కొలమానం ఈ దారినపోయేవాడి దగ్గర ఉందని నా నమ్మకం. పూర్వీకుల పేరు మీద దక్కే గౌరవాన్ని అతను తెలియకుండానే లెక్కలోంచి తీసేస్తాడు.

ఆమె తొలి ఆల్బమ్‌లోని 'ఫాస్ట్ కార్' పాట నిర్మాణాన్నే చూడండి. గిటార్ మీద చిన్న మీటు ఒకటి మొదలవుతుంది, అదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. నాలుగే కార్డ్‌లు, గిటార్ నేర్చుకునే పిల్లలు తొలి ఏడాదిలోనే పట్టేయగలిగినవి. ఆ మీటు మీద ఒక అమ్మాయి మాట్లాడుతున్నట్టుగా కథ చెబుతుంది. తాగుడుకు బానిసైన తండ్రి, విడిచి వెళ్లిన తల్లి, అర్ధంతరంగా ఆగిన చదువు, దుకాణంలో ఉద్యోగం, కారున్న ప్రియుడితో ఊరు దాటిపోవాలన్న ఆశ. ఆఖరికి అతనూ ఆమె తండ్రి దారే పట్టడం. చరణం మీద చరణం నడుస్తుంది గానీ పల్లవి లాంటి భాగం చాలాసేపటికి గానీ రాదు. రేడియోకి పనికొచ్చే పాట పల్లవిని ముందే అందించాలన్న రికార్డింగ్ లోకపు సూత్రానికి ఇది పూర్తిగా ఎదురు. ఇందులో ఏ ముక్కకు ఆ ముక్క విడదీస్తే అంతా పాతదే. కథాగేయం పాతది, మీటు పద్ధతి పాతది, పేదరికం వస్తువుగా తీసుకోవడం మరీ పాతది. కొత్తదల్లా ఆ అమ్మాయి తన బతుకు మీద జాలి అడగకుండా, ఎవరినీ నిందించకుండా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పుకుపోయే తీరు. నినాదం ఒక్కటీ లేదు. నిరసన గీతాల సంప్రదాయంలో ఆమెను కలిపేసినవాళ్లు సరిగ్గా ఈ తేడానే గమనించలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావడం సహజం. వీధి ఆమెను తీర్చిదిద్దిందనడం కేవలం అందమైన కథేమో, అసలు ఆమెను పైకి తెచ్చింది పరిచయాలూ అదృష్టమూ కదా? పరిచయం ఉన్న మాట నిజం. తోటి విద్యార్థి బ్రయన్ కోపెల్‌మన్ ఆమె పాట విని, సంగీత ప్రచురణ వ్యాపారంలో పెద్ద చెయ్యి అయిన తన తండ్రికి చెప్పాడు. అక్కణ్ణుంచి ఎలెక్ట్రా రికార్డు కంపెనీ, నిర్మాత డేవిడ్ కెర్షన్‌బామ్. ఏడాది ముందే సుజాన్ వేగా 'లూకా' విజయం గిటార్ పట్టిన అమ్మాయిల మీద కంపెనీలకు మళ్లీ నమ్మకం కలిగించింది కూడా. అదృష్టం మాటా నిజమే. 1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు సభ జరిగింది. డెబ్భై వేలకు పైగా జనం, అరవైకి పైగా దేశాల్లో టీవీ ప్రసారం. చాప్‌మన్ అప్పటికే తన వంతు పాటలు పాడేసింది. ఆ తర్వాత గాయకుడు స్టీవీ వండర్ వేదికెక్కాల్సిన వేళకు ఆయన సింక్లావియర్ వాద్యం హార్డ్ డిస్క్ కనిపించలేదు. సంగీతమంతా అందులోనే ఉంది. ఆయన వెనుదిరిగారు. ఖాళీ పూడ్చడానికి నిర్వాహకులు చాప్‌మన్‌ను మళ్లీ పంపించారు. ఆమె మైకు ముందుకొచ్చి 'ఫాస్ట్ కార్' పాడింది.

అదృష్టం ఆమెకు వేదికనిచ్చింది. ఆ వేదిక మీద నిలబడగలగడం వేరే సంగతి. ఆ సాయంత్రపు జనం ఆమె కోసం వచ్చినవాళ్లు కారు. పెద్ద పెద్ద తారల కోసం పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నవాళ్లు. అలాంటి వాళ్ల ముందు, వాద్యబృందం లేకుండా, క్షణాల్లో పాట మొదలుపెట్టాలి. ఇది కాఫీ హౌస్ నేర్పే పని కాదు, అచ్చంగా కూడలి నేర్పే పని. డిస్క్ పోతే ఆగిపోయే సంగీతం ఒక పక్క, ఆరు తీగలుంటే చాలనే సంగీతం మరో పక్క. ఆ రోజు వాటి మధ్య తేడా అనుకోకుండా లోకానికంతా కనిపించింది. (స్టీవీ వండర్‌ను తక్కువ చేయడానికి చెబుతున్న మాట కాదిది. ఆయన లేకుండా ఆ కాలపు సంగీతమే లేదు.) ఆగస్టుకల్లా ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ సెప్టెంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ చేపట్టిన ప్రపంచ యాత్రలో ఆమె బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గాబ్రియెల్, యూసూ ఎన్‌దూర్‌లతో కలిసి తిరిగింది. సెప్టెంబరు 30న ఢిల్లీ నెహ్రూ స్టేడియంలోనూ పాడింది. ఆ యాత్ర భారతదేశంలో ఆగింది ఆ ఒక్క రాత్రే.

రెండో ఆక్షేపణ ఇంకాస్త గట్టిది. జనం మెచ్చారు కాబట్టి సొంతమని ఎలా అంటాం? జనం మెచ్చిన అనుకరణలు కొల్లలుగా లేవా? ఉన్నాయి, 1988 హిట్ జాబితా తిరగేస్తే అలాంటివి బోలెడు దొరుకుతాయి. మెప్పు ఒక్కటే సాక్ష్యం కాదు. మెప్పు కన్నా గట్టి సాక్ష్యం, పాటను ఆమె నుంచి విడదీసినప్పుడు ఏం మిగిలిందన్నది. 2015లో జోనాస్ బ్లూ అనే ఇంగ్లిష్ నిర్మాత 'ఫాస్ట్ కార్'ను డకోటా అనే గాయనితో పాడించి నృత్య గీతంగా మార్చాడు. ఆ వేడుక బీటు కింద కూడా కథ బరువు పూర్తిగా కరిగిపోలేదు, నాకు ఆ రూపం రుచించకపోయినా ఈ మాట ఒప్పుకోవాలి. 2023లో ఉత్తర కరొలైనాకు చెందిన కంట్రీ గాయకుడు ల్యూక్ కోమ్స్ దాన్ని పాడి ఆల్బమ్‌లో పెట్టాడు. గొంతు మారింది, జాతి మారింది, పాడేది మగవాడయ్యాడు, సంగీత శాఖే మారింది. అతను మాత్రం కథను మగవాడి కథగా మార్చుకోలేదు. దుకాణంలో పనిచేసే అమ్మాయి అమ్మాయిగానే ఉండిపోయింది. ఆ రూపం బిల్‌బోర్డ్ హాట్ 100లో రెండో స్థానానికి వెళ్లింది, అసలు పాట 1988లో ఆగింది ఆరో స్థానంలో. ఇంతమంది వేరు వేరు అభిరుచుల వాళ్ల చేతుల్లో పడి కూడా చెక్కుచెదరనిది ఏదైతే ఉందో అదే చాప్‌మన్ సొంతం. ఆర్మట్రేడింగ్‌తో పోలిక చెప్పిన గొంతు అందులో లేదు. ఒడెట్టాతో పోలిక చెప్పిన వేషభాషలూ లేవు.

చిత్రమేమంటే అమెరికా చట్టం కూడా దాదాపు ఇదే చోట గీత గీసింది. 1909 కాపీరైట్ చట్టం నుంచి అక్కడొక ఏర్పాటు ఉంది. ఒకసారి రికార్డుగా విడుదలైన పాటను ఎవరైనా మళ్లీ పాడి రికార్డు చేసుకోవచ్చు. రచయిత అనుమతి అక్కర్లేదు, చట్టం నిర్ణయించిన రేటు చెల్లిస్తే చాలు. 2023లో అయిదు నిమిషాలు మించని పాటకు కాపీకి 12 సెంట్లు. తన శైలికి తగ్గట్టు వాయిద్యాలు మార్చుకోవచ్చు గానీ పాట మూల స్వభావాన్ని మార్చకూడదు. మారిస్తే అనుమతి కావాలి. ర్యాప్ గాయని నిక్కీ మినాజ్ 2018లో 'సారీ' అనే పాటలో చాప్‌మన్ 'బేబీ కెన్ ఐ హోల్డ్ యూ'ని వాడుకుంది. అనుమతి అడిగితే చాప్‌మన్ ఇవ్వలేదు. అయినా ఆ పాట రేడియోలో వినిపించింది, వ్యాజ్యం పడింది. స్టూడియోలో ప్రయోగంగా చేసి చూడటం తప్పు కాదని 2020లో న్యాయమూర్తి తేల్చారు, బయటకు ఎలా వచ్చిందన్నది మాత్రం విచారణకు వదిలారు. 2021 జనవరిలో నాలుగున్నర లక్షల డాలర్లతో ఆ తగవు ముగిసింది. వీధిలో అందరి ముందూ పాడిన మనిషి ఇంత పట్టుదల చూపడం పరస్పర విరుద్ధమని అప్పట్లో కొందరు అభిమానులే అన్నారు. నాకలా అనిపించదు. వీధిలో వినడం ఒకటి, ముక్కలు చేసి పట్టుకుపోవడం ఇంకొకటి. పాట ఎంతమంది చెవిన పడినా దాని ఆకారం నిర్ణయించే హక్కు రాసినామె దగ్గరే ఉంటుంది. న్యాయమూర్తి కూడా స్టూడియోలో చేసిన ప్రయోగానికీ రేడియోలో వినిపించడానికీ మధ్యే తేడా చూశారు కదా.

నా వాదానికి అన్నిటికన్నా ఇబ్బంది కలిగించే ఆక్షేపణ కోమ్స్ రికార్డు తర్వాతే వచ్చింది. బహిరంగ స్థలమంటే అందరిదీ అంటున్నారు గానీ, కంట్రీ రేడియో ఎవరిది? ఆ స్టేషన్లలో నల్లజాతి స్త్రీల గొంతు వినిపించడం ఎప్పుడూ అరుదే. ఆ పాటను అక్కడి శ్రోతలు నెత్తిన పెట్టుకోవడానికి ఒక తెల్ల మగవాడు పాడాల్సి వచ్చింది. 2023 వేసవిలో ఆ పాట కంట్రీ ఎయిర్‌ప్లే జాబితాలో మొదటి స్థానానికి చేరినప్పుడు, మొత్తం పాట ఒంటి చేత్తో రాసి అక్కడికి చేరిన మొదటి నల్లజాతి స్త్రీ చాప్‌మన్ అని లెక్క తేలింది. ఆ నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఏటి మేటి గీతం పురస్కారం గెలుచుకున్న మొదటి నల్లజాతి రచయిత కూడా ఆమే. ఈ 'మొదటి'లు గర్వకారణాల కంటే అభియోగపత్రాలనిపిస్తాయి. కాబట్టి నా మాటను కొంత సవరించక తప్పదు. కాపలాదారు ఉన్న చోట దారినపోయేవాడి తీర్పు ఉండదు, ఆ స్టేషన్లలో ఏది వినిపించాలో ఎవరో ముందే తేల్చేసి ఉంటారు. హార్వర్డ్ స్క్వేర్ పేవ్‌మెంట్ మీదకు రావడానికి ఆమెకు వేరే గొంతు అరువు తీసుకునే అవసరం రాలేదు, కంట్రీ రేడియోకి వచ్చింది. అయితే ఆ రేడియో మళ్లీ మళ్లీ వినిపించింది ఆమె రాసిన మాటలనే. అమెరికాలో రేడియో ప్రసారానికి రుసుము దక్కేది పాట రాసినవాళ్లకు, పాడినవాళ్లకు కాదు. కోమ్స్ గొంతు మోగిన ప్రతిసారీ ఆ లెక్క చాప్‌మన్ ఖాతాలోనే పడింది.

2008 తర్వాత చాప్‌మన్ నుంచి కొత్త ఆల్బమ్ లేదు, ఏళ్ల తరబడి కచేరీ యాత్ర లేదు. ఇంటర్వ్యూలూ అరుదే. కోమ్స్ పాట మోగుతున్న నెలల్లోనూ ఆమె కెమెరాల ముందుకు రాలేదు. 2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలిస్‌లో గ్రామీ వేదిక మీద ఆ మీటు మొదలైంది, మీటింది ఆమె చేతి వేళ్లే. కోమ్స్ పక్కన నిలబడి తన వంతు వచ్చినప్పుడు అందుకున్నాడు. ఆమె పాడుతున్నంతసేపూ అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి. మర్నాటికి ఐట్యూన్స్ అమ్మకాల్లో అన్నిటికన్నా పైకెక్కింది కోమ్స్ రికార్డు కాదు, 1988 నాటి చాప్‌మన్ రికార్డే.