రోగి పక్కనున్న మనిషికి చట్టంలో పేరు దొరికిన వైనం

పంజగుట్ట నిమ్స్ ప్రాంగణంలో రిపోర్టుల సంచితో, టిఫిన్ క్యారియర్‌తో చెట్ల నీడన కూర్చునే వారిని మీరు చూసే ఉంటారు. కొందరు అమీర్‌పేటలో రోజు అద్దెకు గది తీసుకుని ఉంటారు. ఆసుపత్రి భాషలో వారందరికీ ఒకటే పేరు: అటెండెంట్. 1960లలో నిజాం ధర్మనిధితో ఎముకల ఆసుపత్రిగా వెలసిన ఆ సంస్థకు చరిత్ర ఉంది. రోగికి కేసు షీటు ఉంది. ఇంటికి వెళ్ళాక పక్షవాతపు మనిషిని ఏళ్ళ తరబడి ఎత్తి దించే భార్యకో, కోడలికో ఏముంది?

ఈ ప్రశ్నను మొదట గట్టిగా అడిగినవారిలో బ్రిటన్‌కు చెందిన మేరీ వెబ్‌స్టర్ ఒకరు. చర్చి బోధకురాలైన ఆమె వృద్ధ తల్లిదండ్రుల కోసం 1954లో ఉద్యోగం మానుకున్నారు. 1963లో పత్రికలకు లేఖ రాశారు. తనవంటి అవివాహిత స్త్రీల కోసం 1965లో ఒక సంఘం ఏర్పడింది. 1976లో భత్యం వచ్చింది కాని, వివాహితలకు ఇవ్వలేదు. వారు ఎటూ ఇంట్లోనే ఉంటారు కదా అన్నది ప్రభుత్వపు తర్కం! (మన ఇళ్ళలో నేటికీ చెల్లుతున్న తర్కమే.) 1986లో యూరోపియన్ న్యాయస్థానం దానిని వివక్షగా తేల్చింది. 1995 చట్టంతో, సేవచేసే వ్యక్తి తన స్థితిని కూడా అంచనా వేయమని కోరే హక్కు వచ్చింది.

సరిగ్గా ఆ ఏడాదే వచ్చిన మన వికలాంగుల చట్టంలో అటువంటి వ్యక్తికి నిర్వచనమే లేదు. 2016 నాటి చట్టం ఆ లోటు తీర్చింది: జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులతో సహా సేవచేసే ఎవరైనా ‘కేర్ గివర్’. తెలుగులో ‘సంరక్షకుడు’ అంటే గార్డియన్ అనే అర్థం కూడా వస్తుంది కనుక ఈ పదానికి మనకింకా స్థిరమైన మాట లేదు. అమీర్‌పేట నుండి మెట్రోలో మూడో స్టేషనైన ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు వచ్చే కుటుంబాలకు 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇదే గుర్తింపునిచ్చింది.

అయితే 2016 చట్టపు 38వ సెక్షన్ కింద అంచనా బోర్డు కొలిచేది రోగి అవసరాలనే. సేవచేసేవారి నిద్రను, నడుమునొప్పిని, పోయిన ఉద్యోగాన్ని కాదు. 24వ సెక్షన్ కేర్ గివర్ భత్యాన్ని ప్రస్తావించింది కాని, ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అన్న మాట జోడించింది. ఆ మాటలోనే అంతా ఆగిపోయిందని నా అభిప్రాయం. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పింఛను వికలాంగుల పేరిటే వస్తుంది. కేరళ మాత్రం 2010లో ‘ఆశ్వాసకిరణం’ పేరిట మంచాన పడినవారికి సేవచేసేవారికే నెలకు కొంత సొమ్ము ఇవ్వసాగింది.

మీ ఇంట్లో ఇటువంటి రోగి ఉంటే ముందు వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. 40 శాతం, ఆపైన ఉంటే అధిక సహాయం కోసం దరఖాస్తు చేయవచ్చు. రోగి తరఫున మీరే చేయవచ్చు. జిల్లాలో వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో 38వ సెక్షన్ అని పేరు పెట్టి అడగండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, పక్క మార్చడానికి ఎందరు కావాలో, మీరు ఏ పని మానుకున్నారో రాయండి. ఫారంలో చోటు లేకపోతే విడి కాగితం జతచేసి, అందినట్లు రసీదు తీసుకోండి.