సూరతు నుండి సీమచదువునకు

తపతీతీరమున వెలసిన సూరతు నగరము మొగలాయీల కాలమున పశ్చిమసముద్రమునకు సింహద్వారమై, మక్కా యాత్రికులను ఓడలెక్కించు రేవుగా ఖ్యాతి గడించి, 1613 నాటికే ఆంగ్లవర్తకులకు కోఠీ నెలకొల్పుకొన తావిచ్చినదైనను, ఆ యూరి నాగరబ్రాహ్మణుడొకడు చదువు నిమిత్తము ఇంగ్లండునకు పోవుటకు మఱి రెండున్నర శతాబ్దములు పట్టెను. సరకు సముద్రము దాటవచ్చును, పారశీకుడును ముసల్మానును దాటవచ్చును. ద్విజుడు మాత్రము దాటరాదు. బౌధాయన ధర్మసూత్రము పతనీయకర్మలలో సముద్రయానమును మొట్టమొదట నిలిపినది. అయినను ఆ సూత్రమే దానిని ఉత్తరదేశీయుల ఆచారములలో ఒకటిగా పేర్కొనుటయు గమనింపదగినది. నిషేధమెంత ప్రాచీనమో దానిని లెక్కసేయని వారును అంత ప్రాచీనులే.

1844లో దుర్గారామ మెహతాజీ మొదలగువారు మానవధర్మసభ అను సంస్కరణసంఘమును స్థాపించిన నాటి సూరతులో పెరిగిన ఆ నాగరబ్రాహ్మణుడు మహీపత్‌రామ్ రూప్‌రామ్ నీల్‌కంఠ్. ఉపాధ్యాయశిక్షణ పద్ధతులను నేర్చి రమ్మని బొంబాయి విద్యాశాఖవారు 1860లో ఆయనను ఇంగ్లండునకు పంపిరి. సూయెజు కాలువ అప్పటికి పూర్తి కాలేదు. బొంబాయిలో ఓడయెక్కి సూయెజులో దిగి, రైలుమీద కైరో మీదుగా అలెగ్జాండ్రియా చేరి, మరల ఓడ యెక్కుట నాటి మార్గము. ప్రవేశపరీక్షలు లేవు, ప్యాసుపోర్టు చిక్కులు లేవు. ఇంటివారిని ఒప్పించుటయు, తిరిగివచ్చిన పిమ్మట తనతో పంక్తిభోజనము చేయువారుండరని ముందే మనస్సును దిటవు చేసికొనుటయునే అసలైన సన్నాహము. అట్లే జరిగెను. 1861లో తిరిగివచ్చిన ఆయనను కులము వెలివేసెను. సముద్రము దాటినది భర్త. వెలి మాత్రము భార్య పార్వతీకువర్ కూడ అనుభవించెను. ఆయన తుదకు ప్రాయశ్చిత్తము చేసికొనవలసివచ్చెను. ఇది సంస్కర్తకు తలవంపని కొందఱు తలపవచ్చును గాని, ఏండ్లతరబడి ఆ యింటివారు పడిన ఏకాకితనమును తలచినపుడు ఆయనను తప్పుపట్ట నాకు మనసొప్పదు. 1864లో తన ఇంగ్లండు యాత్రావర్ణనమును గుజరాతీలో గ్రంథముగా ప్రకటించి, తన వెనుక రాబోవు వారికి తన అనుభవమును ఆయన అందించెను.

1888లో రాజకోట నుండి బయలుదేరిన మోహన్‌దాస్ గాంధీకిని ఈ గండము తప్పలేదు. బొంబాయిలో ఆయన కులమువారైన మోఢ్ వణిజులు సభ చేసి ఆయనను వెలివేసి, సాయపడినవారికిని, రేవునకు పోయి సాగనంపినవారికిని రూపాయి నాలుగణాల జరిమానా విధించిరి. మెడకు టై, పొట్టికోటు, మూడువారములకు సరిపడు మిఠాయిలు, పండ్లు – ఇవి ఆయన సామాను. మద్యమాంసములను, పరస్త్రీని తాకనని తల్లియెదుట చేసిన ప్రతిజ్ఞ అన్నిటికంటె బరువైనది.

క్రమముగా కులనిర్బంధము సడలి, ధనసమస్య ముందునకు వచ్చెను. సూరతునకు చేరువనున్న నవసారిలో జన్మించిన జంషెట్‌జీ టాటా 1892లో విదేశవిద్యకై నిధిని నెలకొల్పెను. మన వైద్యశాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా పోగలుగుటకు మామగారి తోడ్పాటును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ సాయమును ఆధారములయ్యెను. అంతకు మునుపే మొదటి ప్రపంచయుద్ధము ప్యాసుపోర్టును తెచ్చిపెట్టెను. 1920లో దానికై చట్టము వచ్చెను. విదేశయానము వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పగా, ఆ యేటనే నేటి ప్యాసుపోర్టు చట్టము వెలువడెను. ఒకనాడు కులపెద్దల అనుగ్రహముపై ఆధారపడినది పౌరుని హక్కయ్యెను. ఈ చరిత్రలో దీనికంటె పెద్ద మలుపు లేదు.

నేటి సూరతులో తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీ కుటుంబములు లింబాయత్ ప్రాంతమున మరమగ్గములనాశ్రయించి జీవించుచున్నవి. నగరపాలకసంస్థ తెలుగు మాధ్యమపు బడులను సైతము నడుపుచున్నది. ఆ యిండ్లనుండి విదేశవిద్యకు పోదలచు పిల్లలకు ఎదురగు చిక్కులు వేఱు. తెలుగువారు ఇంటిపేరును ముందు పొడియక్షరముగా వ్రాయుదురు. గుజరాతు పద్ధతిలో తండ్రిపేరు నడుమ చేరును. మార్కుల పట్టీలో ఒకవిధముగను ప్యాసుపోర్టులో మఱొకవిధముగను ఉన్న పేరు వీసా వేళకు పీడయగును. ఏడున్నర లక్షలకు మించిన విద్యాఋణమునకు బ్యాంకు సాధారణముగా ఆస్తిహామీ కోరును. అద్దెయింట నివసించు నేతగానికి అదెక్కడిది? వెలివేయు కులసభ పోయినది గాని, సన్నాహభారము నేటికిని ఇంటనుండు వారిపైననే పడుచున్నది.

కనుక సూరతునుండి విదేశములకు పోయిన తెలుగు యువతీయువకులకు నాదొక మనవి. ఏ కాగితము ఎక్కడ ఆగినది, ఋణము ఎట్లు దొరకినది, మొదటినెల ఎట్లు గడచినది, మహీపత్‌రామ్ వలె దాపరికము లేక మీ భాషలో వ్రాయుడు. వ్రాసి, లింబాయత్ తెలుగు బడులకు పంపుడు.